తొందరపడ్డ ఫోర్డ్, తేలిక చేసిన ట్రంప్: ఏ తప్పు మేలు?

రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టుకుని చూద్దాం.

మొదటిది 1976 అక్టోబర్ 14 నాటిది. వైట్‌హౌస్‌లో అమెరికా అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ చొక్కా చేతిని భుజం దాకా మడిచి ఉన్నారు. డాక్టర్ ఫ్లూ టీకా సూది వేస్తున్నాడు. ఎదురుగా కెమెరాలు. ‘నేనే వేయించుకుంటున్నాను, ఇక మీకేం భయం?’ అని దేశానికి చూపించడానికి పెట్టిన కార్యక్రమం అది.

రెండోది 2020 మార్చి 6 నాటిది. అట్లాంటాలో సీడీసీ, అంటే అంటువ్యాధుల మీద నిఘా పెట్టే అమెరికా కేంద్ర సంస్థ. చుట్టూ శాస్త్రవేత్తలు. మధ్యలో డొనాల్డ్ ట్రంప్, నెత్తిన ఎన్నికల నినాదం రాసిన ఎర్ర టోపీ. కరోనా టెస్టు కావాలన్న ప్రతి ఒక్కరికీ టెస్టు దొరుకుతుందని ఆయన విలేకర్లకు చెప్పింది అక్కడే. ఆ రోజుకి అది నిజం కాదు. దగ్గుతూ జ్వరంతో ఆసుపత్రికి వెళ్లినవాళ్లను కూడా టెస్టు లేకుండా ఇంటికి పంపుతున్న రోజులవి.

రాని రోగానికి సూది వేయించుకున్నాయన ఒకరు. వచ్చిన రోగానికి టోపీ పెట్టాలని చూసినాయన ఇంకొకరు.

ఇద్దరూ రిపబ్లికన్లే. ఇద్దరికీ అది ఎన్నికల ఏడాదే, ఇద్దరూ ఆ నవంబర్‌లో ఓడిపోయారు. ఓటమికి రోగం ఒక్కటే కారణమని నేననను. ఫోర్డ్ మెడకు, కుంభకోణంలో చిక్కుకుని రాజీనామా చేసిన ముందటి అధ్యక్షుడు నిక్సన్‌కి పెట్టిన క్షమాభిక్ష చుట్టుకునే ఉంది. కానీ కొత్త రోగం తలుపు తట్టినప్పుడు నాయకుడికి ఎదురయ్యే రెండు దారులూ వీళ్లిద్దరిలో కనిపిస్తాయి. అతి చేసి నవ్వులపాలవడం ఒకటి, తేలిగ్గా తీసుకుని జనం ప్రాణాల మీదికి తేవడం ఇంకొకటి. తప్పు చేయక తప్పదనుకుంటే ఏ తప్పు మేలు? నా ఓటు ఫోర్డ్‌కే. కాకపోతే ఆ ఓటు కూడా నేను పూర్తి మనసుతో వేయడం లేదు, ఎందుకో చివర్లో తెలుస్తుంది.

పెళ్లిచూపులు, నిశ్చితార్థం, పెళ్లి ఒకే పూట

1976 జనవరిలో న్యూజెర్సీలోని ఫోర్ట్ డిక్స్ సైనిక శిబిరానికి కొత్త రిక్రూట్లు వచ్చారు. (ఇవాళ మనవాళ్లు వీధికి పదిమంది కనిపించే ఎడిసన్ నుంచి కారులో గంట లోపే.) చలికాలం, వరసగా మంచాలు, జలుబులూ దగ్గులూ మామూలే. ఒక కుర్రాడు ఒంట్లో బాగాలేకపోయినా రాత్రిపూట మార్చ్‌కి వెళ్లాడు, కూలిపోయాడు, ఫిబ్రవరి 4న చనిపోయాడు. శాంపిళ్లు సీడీసీకి వెళ్తే అది పందుల్లో తిరిగే ఫ్లూ అని తేలింది. శిబిరంలో 13 మంది జబ్బుపడినట్టు నిర్ధారణైంది. రక్తపరీక్షలు చేస్తే 200 మందికి పైగా సోకిందని తెలిసింది. అంటే మనిషి నుంచి మనిషికి పాకుతోంది.

ఇక్కడ ‘పందుల ఫ్లూ’ అనగానే అక్కడి డాక్టర్లకు ఒళ్లు ఎందుకు జలదరించిందో అర్థం చేసుకోవాలి. 1918 మహమ్మారికి ఇది దగ్గరి చుట్టమని అప్పటి అంచనా. ఆ ఇన్‌ఫ్లుయెంజాకి మన దేశంలోనే కోటి మందికి పైగా పోయారు. ఆ వంశపు వైరస్‌ని చిన్నప్పుడు చూసినవాళ్లు 1976 నాటికి యాభై దాటినవాళ్లు. అంతకన్నా చిన్నవాళ్లకు రక్షణ లేదు.

సీడీసీ డైరెక్టర్ డేవిడ్ సెన్సర్ మార్చిలో పై అధికారులకు ఒక మెమో రాశారు. టీకాను కోళ్ల గుడ్లలో పెంచాలి, దానికి నెలలు పడుతుంది. ఇప్పుడు ఆర్డర్ పెడితేనే వచ్చే చలికాలానికి అందుతుంది. ఆగి చూద్దామంటే ఆ తర్వాత చూడటానికి ఏమీ మిగలకపోవచ్చు. మెమో సారాంశం ఇంతే. కానీ ఆ కాగితం ఒకసారి వైట్‌హౌస్ గడప దాటి లోపలికి వెళ్లాక ‘వద్దు’ అనడం ఏ అధ్యక్షుడి వల్లా కాదు. రేపు రోగం వస్తే ‘డాక్టర్లు చెప్పినా వినలేదు’ అని అదే కాగితం పేపర్లో పడుతుంది.

తేదీలు గమనించండి. మార్చి 23న నార్త్ కరోలినా ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని తేల్చే ఎన్నికలో, ఫోర్డ్ సొంత పార్టీలోని రీగన్ చేతిలో ఓడిపోయారు. మర్నాడే, మార్చి 24న, క్యాబినెట్ రూమ్‌లో నిపుణులతో కూర్చున్నారు. పోలియో టీకాల పెద్దలు జోనస్ సాక్, ఆల్బర్ట్ సేబిన్ ఇద్దరూ ఉన్నారు. ఆ ఇద్దరికీ ఒకరంటే ఒకరికి పడదు, అలాంటివాళ్లు ఒక మాట మీద ఉన్నారంటేనే విశేషం. ఫోర్డ్ అందరినీ చేతులెత్తమన్నారు. అందరూ ఎత్తారు. అప్పుడాయన ఒక మంచి పని చేశారు. ‘ఎవరికైనా వేరే అభిప్రాయం ఉంటే నా గదిలో ఉంటాను, వచ్చి విడిగా చెప్పండి’ అని లేచి వెళ్లారు. ఎవరూ రాలేదు. కాసేపాగి సాక్‌నీ సేబిన్‌నీ వెంటబెట్టుకుని టీవీ కెమెరాల ముందుకు వచ్చి, దేశంలో ప్రతి మగవాడికీ, ఆడదానికీ, పిల్లలకీ టీకా వేస్తామని, దానికి 13.5 కోట్ల డాలర్లు కావాలని ప్రకటించేశారు.

ఈ సీన్ దగ్గర నేను చాలాసార్లు ఆగాను. ముందురోజు ఓడిపోయిన నాయకుడు మర్నాడు దేశాన్ని కాపాడేవాడిలా కనిపించాలని ఇదంతా చేశాడని చాలామంది అన్నారు. నాకు అలా అనిపించదు. ఆయన అడిగారు, విన్నారు, కాదనేవాళ్లకు తలుపు తెరిచి పెట్టారు. తప్పు ఉద్దేశంలో లేదు, ముడి వేసిన తీరులో ఉంది. టీకా తయారు చేయడం ఒక నిర్ణయం. తయారైంది నిల్వ పెట్టుకుని వేచి చూడటం రెండో నిర్ణయం. జనానికి వేయడం మూడోది. ఈ మూడూ వేరు వేరు. ఫోర్డ్ ప్రభుత్వం పెళ్లిచూపులు, నిశ్చితార్థం, పెళ్లి ఒకే పూట కానిచ్చేసింది. ‘ముందు తయారు చేసి దాచుదాం, రోగం ఎక్కడైనా తిరుగుతోందని తెలిస్తేనే వేద్దాం’ అని సలహా కమిటీలో రసెల్ అలెగ్జాండర్ అనే ప్రొఫెసర్ ముందే అన్నారు. ఆ మాట అధ్యక్షుడి బల్ల దాకా రానేలేదు. కొన్ని నెలలకు సేబిన్ కూడా అదే మాట అన్నారు గానీ అప్పటికే బ్యాండు మేళం బయల్దేరిపోయింది.

తర్వాత కథ వరసగా అపశకునాలే. ఒక కంపెనీ లక్షల డోసులు తప్పు వైరస్‌తో తయారు చేసింది. ఏమైనా అయితే మాకు సంబంధం లేదని ఇన్సూరెన్స్ వాళ్లు చేతులెత్తేశారు. జూలైలో ఫిలడెల్ఫియాలో ఒక హోటల్లో సభకు వచ్చిన మాజీ సైనికులు వరసగా చనిపోతుంటే, అదే పందుల ఫ్లూ అనుకుని కాంగ్రెస్ హడలిపోయింది. అది కాదని, వేరే జబ్బని తేలింది (ఇవాళ దాన్ని లెజియోనేర్స్ వ్యాధి అంటున్నాం). అయినా ఆ భయంలోనే నష్టపరిహారం బాధ్యత ప్రభుత్వం మీద వేసుకునే చట్టం ఆగస్టులో పాసైపోయింది. ఈలోగా భూమికి దక్షిణపు సగంలో చలికాలం వచ్చి వెళ్లింది. ఎక్కడా పందుల ఫ్లూ లేదు. అప్పుడైనా ఆగి ఒకసారి లెక్క సరిచూసుకోవాల్సింది. ఆగలేదు.

అక్టోబర్ 1న టీకాలు మొదలయ్యాయి. అక్టోబర్ 11న పిట్స్‌బర్గ్‌లో ఒకే కేంద్రంలో టీకా వేయించుకున్న ముగ్గురు వృద్ధులు చనిపోయారు. టీకాకూ ఆ మరణాలకూ సంబంధం ఉన్నట్టు ఆధారాలు దొరకలేదు, కానీ ఆ మాట ఎవరికి వినపడుతుంది? కొన్ని రాష్ట్రాలు టీకాలు ఆపేశాయి. అందుకే మూడు రోజుల తర్వాత ఫోర్డ్ చొక్కా చేయి మడిచారు. నవంబర్‌లో గిలాన్ బరే సిండ్రోమ్ కేసులు బయటపడటం మొదలైంది. కాళ్లూ చేతులూ చచ్చుబడే జబ్బు అది. లెక్క వేస్తే టీకా వేయించుకున్న ప్రతి లక్ష మందిలో సుమారు ఒకరికి అదనంగా వచ్చింది. డిసెంబర్ 16న కార్యక్రమం ఆపేశారు. అప్పటికి నాలుగు కోట్ల మందికి పైగా వేయించుకున్నారు. ఆ మహమ్మారి మాత్రం ఫోర్ట్ డిక్స్ కంచె దాటలేదు.

మొతేరాలో చప్పట్లు, అట్లాంటాలో అల్పాహారం

ఇక 2020. అమెరికాలో మొదటి కేసు జనవరి 20న వాషింగ్టన్ రాష్ట్రంలో నిర్ధారణైంది. రెండు రోజుల తర్వాత దావోస్‌లో టీవీ వాళ్లు అడిగితే ట్రంప్ జవాబు: “అంతా పూర్తిగా అదుపులో ఉంది. చైనా నుంచి వచ్చిన ఒక్క మనిషి.” అప్పుడు సెనేట్‌లో ఆయన మీద అభిశంసన విచారణ నడుస్తోంది. ఫిబ్రవరి 5న నిర్దోషి అన్నారు. ఆ నెలంతా న్యూహాంప్‌షైర్, అరిజోనా, కొలరాడో, నెవాడా అంటూ ర్యాలీలు.

మధ్యలో ధ్యాస మళ్లించిన వాటిని నేను పెద్దగా తప్పు పట్టను. అభిశంసన మీదికొచ్చిన నాయకుడు దాన్ని పట్టించుకోకుండా ఉండలేడు. ఎన్నికలంటే ర్యాలీలు తప్పవు. చైనా నుంచి రాకపోకల మీద జనవరి 31న ఆంక్షలు ప్రకటించారు, అది నిజంగానే చేసిన పని. నా ఫిర్యాదు వేరే. ఆయనకు తెలియక కాదు.

ఫిబ్రవరి 7న జర్నలిస్టు బాబ్ ఉడ్‌వర్డ్‌తో ఫోన్లో మాట్లాడుతూ ట్రంప్ ఈ వైరస్ గాలిలో పాకుతుందని, గట్టి ఫ్లూలకన్నా ప్రాణాంతకమని చెప్పారు. అది టేపులో ఉంది. మార్చి 19న అదే ఉడ్‌వర్డ్‌తో, జనం కంగారుపడకూడదని దాన్ని కావాలనే చిన్నది చేసి చెబుతున్నానని అన్నారు. అదీ టేపులో ఉంది. ఈ రెండు టేపుల మధ్య నలభై రోజులు బయట జనానికి చెప్పిందేమో ఇంకో మాట: వేసవి వస్తే పోతుంది, పదిహేను మందే, త్వరలో సున్నాకి వస్తుంది.

ఆ నలభై రోజుల్లో ఒక్క రోజును దగ్గరగా చూద్దాం, ఎందుకంటే ఆ రోజు ఆయన మన దేశంలో ఉన్నారు. ఫిబ్రవరి 24న అహ్మదాబాద్ మొతేరా స్టేడియంలో లక్ష మందికి పైగా జనం, ‘నమస్తే ట్రంప్’. మన టీవీల్లో పొద్దున్నుంచీ అదే లైవ్. సాయంత్రం తాజ్‌మహల్. ఆ రోజే ట్విట్టర్‌లో వైరస్ అమెరికాలో బాగా అదుపులో ఉందని, స్టాక్ మార్కెట్ కూడా తనకు బాగానే కనిపిస్తోందని రాశారు. అదే రోజు డౌ జోన్స్ వెయ్యి పాయింట్లకు పైగా పడింది. మర్నాడు ఢిల్లీలో ‘ఈ సమస్య పోయేదే’ అన్నారు.

సరిగ్గా ఆ 25వ తేదీన అటు అమెరికాలో సీడీసీ డాక్టర్ నాన్సీ మెసోనియే విలేకర్లతో ఫోన్ కాన్ఫరెన్స్‌లో ఉన్నారు. ఆమె మాట సూటిగా ఉంది. ఇది వస్తుందా రాదా అన్నది కాదు, ఎప్పుడు వస్తుందన్నదే ప్రశ్న. రోజువారీ జీవితం తీవ్రంగా దెబ్బతినొచ్చు. పొద్దున టిఫిన్ చేస్తూ తన పిల్లలకూ ఈ మాటే చెప్పానని, బడి మూతపడితే ఏం చేస్తారో కనుక్కోవడానికి బడికి ఫోన్ చేశానని చెప్పారు. నాకు తెలిసి ఆ సంక్షోభంలో ఒక అధికారి మాట్లాడిన అతి మంచి మాటలు ఇవే. ఒక తల్లి ఇంట్లో చెప్పిన మాటే దేశానికీ చెప్పింది. మార్కెట్ మళ్లీ పడింది. తిరుగు విమానంలో ట్రంప్ మండిపడ్డారని పత్రికలు రాశాయి. మర్నాడు కరోనా బాధ్యత ఉపాధ్యక్షుడు మైక్ పెన్స్‌కి అప్పగించారు. ఇక నుంచి ఎవరు మాట్లాడాలన్నా ఆ ఆఫీసు అనుమతి కావాలి. మెసోనియే గొంతు ఆ తర్వాత బయటికి పెద్దగా వినపడలేదు.

ఈ లోపల కింద ఏం జరుగుతోంది? సీడీసీ ఫిబ్రవరి మొదట్లో రాష్ట్రాలకు పంపిన టెస్టు కిట్లలో ఒక రసాయనం చెడింది. వైరస్ లేని శాంపిల్‌కి కూడా ‘ఉంది’ అంటోంది. ఇలాంటివి జరుగుతాయి, ల్యాబ్ అన్నాక పొరపాట్లు ఉంటాయి. కానీ దాన్ని సరిచేసి, బయటి ల్యాబులకు సొంత టెస్టులు వాడుకునే వెసులుబాటు ఇచ్చేసరికి ఫిబ్రవరి 29. ఆ మూడు వారాలూ న్యూయార్క్‌లో రోగం చప్పుడు చేయకుండా తిరిగింది. ‘కిట్ల సంగతి ఏమైంది?’ అని ప్రతి పొద్దునా అడిగే మనిషి పైన ఉంటే అది వారంలో తేలేది. పైనున్న మనిషేమో సంఖ్యలు తక్కువ కనిపిస్తే చాలనుకుంటున్నారు. మార్చి 6న అదే ఎర్ర టోపీ పెట్టుకుని, కాలిఫోర్నియా తీరంలో ఆగిన ఓడలోని రోగులను దించే విషయంలో, దించితే మన లెక్క పెరుగుతుంది, లెక్క ఇప్పుడున్నట్టు ఉంటేనే నాకిష్టం అని పైకే అనేశారు.

తూకం వేస్తే

ఫోర్డ్ తప్పు వల్ల పడిన నష్టానికి లెక్క ఉంది. సుమారు 450 మంది గిలాన్ బరే బాధితులు, వేల సంఖ్యలో నష్టపరిహారం కేసులు, సొమ్ము. పైగా డబ్బుతో కొనలేనిది ఇంకొకటి, టీకా అంటే జనంలో పుట్టిన అనుమానం. అది తక్కువ నష్టం కాదు. దశాబ్దాల తర్వాత కూడా టీకా వద్దనేవాళ్లు 1976నే ఎత్తి చూపుతారు.

కానీ ఒక తేడా చూడండి. టీకా వేయించుకున్నవాళ్లకు ఏమవుతోందో కనిపెట్టే ఏర్పాటు ఫోర్డ్ కార్యక్రమంలోనే ఉంది. లక్షలో ఒక్కరికి వచ్చే జబ్బుని కొన్ని వారాల్లో పట్టుకుని కార్యక్రమం ఆపగలిగారంటే ఆ ఏర్పాటు పనిచేసినట్టే. అది బ్రేకులున్న బండి. అతి వేగంగా పోయింది, బ్రేకు ఆలస్యంగా వేశారు, అయినా ఆగింది. రెండోది హెడ్‌లైట్లు ఆపేసి వెళ్లిన బండి. టెస్టులు లేనప్పుడు దారి కనిపించదు. దారి కనిపించనప్పుడు బ్రేకు ఎక్కడ వేయాలో ఎవరికి తెలుస్తుంది? అమెరికాలో కోవిడ్ మరణాలు 11 లక్షలు దాటాయి. వాటిని ఒక్క మనిషి ఖాతాలో వేయడం అన్యాయం. గవర్నర్లు, తర్వాతి ప్రభుత్వం, మాస్కు వద్దన్న జనం, వైరస్ స్వభావం, అన్నీ ఉన్నాయి. ఫిబ్రవరి ఒక్కటి మాత్రం పూర్తిగా పైవాళ్లదే.

ట్రంప్ తరఫున ఒక మాట చెప్పకపోతే తూకం సరిగా ఉండదు. మేలో మొదలుపెట్టిన ‘ఆపరేషన్ వార్ప్ స్పీడ్’. టీకా పనిచేస్తుందో లేదో తేలకముందే తయారీకి డబ్బు పెట్టేశారు. పనిచేయదని తేలితే పారబోద్దాం, పనిచేస్తే ఒక్క రోజు కూడా వృథా కాకూడదు అన్నది ఆలోచన. అనుమతి ఇవ్వడమన్నది వేరే గదిలో, వేరే మనుషుల చేతిలో ఉంది. డిసెంబర్ 11న మొదటి అనుమతి వచ్చింది. తయారీ వేరు, వేయడం వేరు. ఫోర్డ్ కలిపి ముడేసింది ఇదే, 44 ఏళ్ల తర్వాత ఆ ముడి విప్పి చేసిన పని ఇదే. ట్రంప్ చేసిన అన్నిట్లోకీ మంచి పని, అసలు చూస్తే, ఫోర్డ్ తొందరకు మెరుగులు దిద్దిన రూపం. అందుకే నా ఓటు అటు మొగ్గింది.

‘మరి కంగారు?’ అని అడుగుతారు. జనం కంగారుపడకూడదన్న ట్రంప్ వాదన పూర్తిగా కొట్టిపారేసేది కాదు, మన ఇళ్లలోనూ పెద్దవాళ్లు అలాగే చేస్తారు. నాన్నకి రిపోర్టులో ఏముందో చెప్పం. కానీ చెప్పకుండా కనీసం డాక్టర్ దగ్గరికైతే తీసుకెళ్తాం కదా.

మన పారాసిటమాల్

ఇంత దూరం వెళ్లి అమెరికావాళ్లను వేలెత్తి చూపే ముందు మన పెరట్లోకి కూడా ఒక చూపు వేయాలి. 2020 మార్చి 2న హైదరాబాద్‌లో మొదటి కేసు బయటపడింది. కొన్ని రోజులకే అసెంబ్లీలో ముఖ్యమంత్రి కేసీఆర్ నోటి వెంట పారాసిటమాల్ మాట వచ్చింది. వారం దాటగానే ఆంధ్రలో మార్చి 15న ఎన్నికల కమిషనర్ నిమ్మగడ్డ రమేశ్ కుమార్ కరోనా పేరుతో స్థానిక ఎన్నికలు వాయిదా వేస్తే, ముఖ్యమంత్రి జగన్ అదే రోజు ప్రెస్‌మీట్ పెట్టి పారాసిటమాల్‌తో పాటు బ్లీచింగ్ పౌడర్ కూడా చేర్చారు. రెండు రాష్ట్రాలు నీళ్ల దగ్గర, కరెంటు దగ్గర కొట్టుకున్నా మందు చీటీ దగ్గర మాత్రం కలిశాయి.

కేసీఆర్ త్వరగానే దారి మార్చుకున్నారు, మార్చి 14నే బడులు, సినిమా హాళ్లు మూయించారు. ఆంధ్రలో వాయిదా గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, మార్చి 18న కోర్టు వాయిదాలో జోక్యం చేసుకోనంది. ఇంకో వారానికి దేశమంతా లాక్‌డౌన్. అసలు విడ్డూరం ఆ తర్వాత. 2021 జనవరి వచ్చేసరికి పాత్రలు తారుమారయ్యాయి. కమిషనర్ పంచాయతీ ఎన్నికలు పెడతానంటే, ప్రభుత్వం కరోనా ఉంది, టీకాలున్నాయి, వద్దంది. వైరస్ అదే. మారింది ఎవరికి ఏది అవసరమన్నదే.

ఆ మార్చి రెండో వారంలో మా ఇంట్లో పెళ్లి. నాలుగు వందల శుభలేఖలు పంచేశాం. బెంగళూరు నుంచి రావాల్సిన మేనత్త ‘రావాలా వద్దా’ అని ఫోన్ మీద ఫోన్. మా బాబాయి టీవీ వైపు చూపించి, “ముఖ్యమంత్రే పారాసిటమాల్ చాలంటుంటే నీకెందుకే టెన్షన్? రా!” అన్నాడు. ఆవిడ వచ్చింది. ఎవరికీ ఏమీ కాలేదు, అదృష్టం. కానీ పైన కూర్చున్నవాళ్లు తేలిగ్గా అనే ఒక్క మాట కింద ఎన్ని ఇళ్లలో నిర్ణయాలు మార్చేస్తుందో నేను ఆ రోజు మా హాల్లో నిలబడి చూశాను. మా బాబాయి డాక్టర్ మాట వినే రకం కాదు. ముఖ్యమంత్రి మాట వింటాడు.

ధ్యాస తప్పినా బండి నడిచిన చోటు

ఓటు పూర్తి మనసుతో వేయడం లేదన్నాను కదా. ఎందుకంటే ఫోర్డ్‌లా అన్నీ తనే నెత్తినెత్తుకోవడమూ, ట్రంప్‌లా అన్నీ తనే నొక్కిపెట్టడమూ కాకుండా మూడో రకం ఒకటుంది, అది దక్షిణ కొరియాలో చూశాం.

అక్కడ కూడా మొదటి కేసు 2020 జనవరి 20నే, అమెరికాలాగే. వారం తిరగకుండా, జనవరి 27న, ఆరోగ్య అధికారులు సియోల్ రైల్వేస్టేషన్‌లో టెస్టు కిట్ల కంపెనీలను కూర్చోబెట్టి, వెంటనే తయారు చేయండి, అనుమతులు మేం చూసుకుంటాం అన్నారు. ఫిబ్రవరి 4న మొదటి కిట్‌కి అనుమతి వచ్చేసింది. అమెరికా చెడిపోయిన కిట్లు రాష్ట్రాలకు పంపుతున్న రోజులు సరిగ్గా అవే.

మరి అధ్యక్షుడు మూన్ జే ఇన్ అంత గొప్పగా ముందుచూపుతో ఉన్నారా అంటే, లేరు. ఫిబ్రవరి 13న వ్యాపారవేత్తలతో ఇది త్వరలో ముగిసిపోతుందన్నారు. ఫిబ్రవరి 20న ఆస్కార్ గెలిచిన సినిమా బృందాన్ని పిలిచి భోజనం పెట్టి, పగలబడి నవ్వుతూ ఫొటోలు దిగారు. ఆ రోజే దేశంలో తొలి కోవిడ్ మరణం బయటపడింది. డేగు నగరంలో కేసులు పుట్టలా పెరుగుతున్నాయి. జనం ఆ ఫొటోలు చూపించి దుమ్మెత్తిపోశారు, పోయాలి కూడా.

కానీ అధ్యక్షుడు నూడుల్స్ తింటున్నంత సేపూ టెస్టులు ఆగలేదు. 2015లో మెర్స్ అనే మరో కరోనా జబ్బు వచ్చినప్పుడు కొరియా ఘోరంగా దెబ్బతింది, సమాచారం దాచారని జనం తిట్టారు. ఆ తర్వాత చట్టాలు మార్చుకున్నారు, ఎవరు ఏం చేయాలో ముందే రాసి పెట్టుకున్నారు. అందుకే పై మనిషి ధ్యాస మళ్లినా కింద బండి దాని పాటికి అది నడిచింది. రోజూ మైకు ముందుకు వచ్చి లెక్కలు చెప్పింది అధ్యక్షుడు కాదు, వ్యాధి నియంత్రణ సంస్థ అధిపతి జంగ్ యున్ క్యోంగ్. మెర్స్ సమయంలో ఆ పనిలో ఉన్నందుకు చర్యలకు గురైన అధికారే ఆమె. తలస్నానానికి టైమ్ పట్టకుండా జుట్టు కురచగా కత్తిరించుకున్నారు. రోజురోజుకీ ఆమె తల నెరిసిపోవడం కొరియా అంతా టీవీలో చూసింది.

కాబట్టి నాయకుణ్ణి తూచాలంటే నేను ఇప్పుడు ఆయన షెడ్యూల్ చూడను. గోల్ఫ్ ఆడాడా, ర్యాలీకి వెళ్లాడా అన్నది కాదు. ఆయన కింద ఆ పని తెలిసిన మనిషికి ఏమైందో చూస్తాను.

1976లో మెమో రాసిన డేవిడ్ సెన్సర్‌ని మరుసటి ఏడాది కొత్త ప్రభుత్వం తీసేసింది. మూడు దశాబ్దాల తర్వాత ఆయన పాత సహోద్యోగితో కలిసి ఆ రోజుల గురించి రాస్తూ, ప్రాణాలు పణంగా ఉన్నప్పుడు తక్కువ చేయడంకన్నా ఎక్కువ చేసే వైపు తప్పు చేయడమే మేలని అప్పటికీ అదే మాట మీద ఉన్నారు. టిఫిన్ దగ్గర పిల్లలకు చెప్పిన మాట దేశానికి చెప్పిన నాన్సీ మెసోనియే 2021లో సీడీసీ వదిలి వెళ్లిపోయారు. జంగ్ యున్ క్యోంగ్ నడిపిన సంస్థకు 2020 సెప్టెంబర్‌లో హోదా పెంచారు, దానికి మొదటి అధిపతి ఆమే. మామూలుగా ఇలాంటి నియామక పత్రం అందుకోవడానికి అధికారులే అధ్యక్ష భవనానికి వెళ్తారు. ఈసారి ఆమెకు తీరిక లేదని మూన్ జే ఇన్ ఆ కాగితం పట్టుకుని తనే చోంగ్జులోని ఆమె ఆఫీసుకు వెళ్లి ఇచ్చి వచ్చారు.